పార్టీ మారే కణాలు

జయరాజన్నకు,

లింగాల నుంచి నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ మామగారు తప్ప అందరం క్షేమం.

ఆయనది రక్తం క్యాన్సరని ప్రొద్దుటూరు డాక్టరు తేల్చారు. కణాలను అదుపులో పెట్టే జన్యువులు కొన్ని మూతపడ్డాయట. ఇంజక్షను వాటిని తెరిపిస్తే చెడ్డ కణాలు చాలావరకు దారికొస్తాయట.

అంతా విని మామగారు, "చంపదా?" అని అడిగారు.

"చంపడం కంటే మార్చడమే దీని పని," అన్నారు డాక్టరు.

"పార్టీ మారినోన్ని ఇంట్లో పెట్టుకోమంటాండావా సామీ? రేపు మళ్లా ఆడికే పోడని యాడి నమ్మకం? నరికేసే మందుంటే ఇయ్యి," అని లేచిపోయి జీపెక్కారు.

అంత గట్టి మందును ఆయన వయసు తట్టుకోదని, ఆలస్యం చేస్తే ఈ ఇంజక్షను కూడా పనిచేయదని డాక్టరు నాతో చెప్పారు. నేను మామగారి ఎదుట నోరెత్తలేనని నీకు తెలుసు. అత్తమ్మ అన్నం మానేసింది.

నువ్వు అవతలి పార్టీ నుంచి వచ్చి ఇన్నాళ్లు ఆయనకు కుడిచేయిగా ఉన్నావు. ఈ ఉత్తరం అందగానే వచ్చి ఆయన ఎదురుగా కూర్చో. మారినవాళ్లు నిలబడతారని నిన్ను చూస్తే ఒప్పుకుంటారు.

నువ్వు మళ్లీ పాత పార్టీలోకి పోవాలని చూస్తున్నావని వదిన చెప్పింది. అది నీ ఇష్టం, నేను చెప్పగలిగినదాన్ని కాను. ఇంజక్షన్లు అయ్యేదాకా మాత్రం ఆగు అన్నా.

నీ చెల్లెలు