ఆటలోని ఇల్లాలు ‘ఆగు’ అనుటపై వచ్చిన అభ్యంతరము గురించి

డబ్బు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి పోవు దారిని కాపలా కాయు, పేరు తెలియని, గది నంబరు లేని, అయినను మాట చెల్లుబాటగు అధికారి వారి సమక్షమునకు, షోలాపూరు నీలం నగర్ నివాసి కుడిక్యాల ఋషికేశ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా (అమ్మగారైనచో క్షమించవలెను),

విషయం: పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసి అమ్ముచున్న ‘చద్దరుకు ఇవతల’ అను కంప్యూటర్ ఆటను ఆన్‌లైన్ దుకాణం నుండి తొలగించుట, తొలగించినది ఎవరో తెలియకుండుట గురించి.

1. సదరు ఆటను నేను, నా భార్య శీతల్ కలిసి తయారు చేసితిమి. మా పేటలో కింద మరమగ్గాలు, పైన ఒకటే గది. గది నడుమ తాడుకు చద్దరు కట్టి, అవతల అత్తమామలు, ఇవతల కొత్త జంట కాపురముందురు. మగ్గం నడుచునంత సేపు దాని చప్పుడు చాటున ముచ్చట, సరసము. మగ్గం ఆగిన క్షణమున అన్నియు ఆగవలెను. లేనిచో అవతల వినపడును. ఆట సూత్రము ఇదియే. ఆమె “ఆగు” అనును. అతడు ఆగవలెను. ఆగనిచో ఆట సమాప్తము.

2. ఆట మాయమైన పిమ్మట కారణమడుగగా, దుకాణం వారు చెల్లింపుల కంపెనీని చూపిరి. కంపెనీ వారు బ్యాంకును చూపిరి. బ్యాంకు వారు, అశ్లీలమైన ఆటలను ఆపించుటకు ఉత్తరాలు వ్రాయించు ఒక విదేశీ సంఘమును చూపిరి. సంఘము వారు మీ ఆట పేరే వినలేదనిరి. అందరును మర్యాదగా మాట్లాడిరి. నా అనుమానము అక్కడనే మొదలైనది.

3. ఈ సంగతి నేనెవరికిని చెప్పలేదు. అయినను కుంఠా నాకాలో మగ్గాల మరమ్మతు చేయు మా చిన్నాయన నరసయ్య నన్ను దారిలో ఆపెను.

“ఏం రా, నీ గేమ్ బంద్ పడ్డదంట?”

“నీకెవరు చెప్పిన్రు, కాకా? నువ్వు గిట్ట ఆడినవా?”

“ఛీ, నాకేం పని రా! గానీ అండ్ల మగ్గం ఊకె ఆగుతున్నది. బెల్టు లూజున్నట్టుంది, జర చూస్కో.”

ఇంతవరకు ఆటను ఆడి అభిప్రాయము చెప్పినవాడు ఇతడొక్కడే. కావున ఇతనిని అనుమానితులలో నుండి తీసివేయడమైనది.

4. తుదకు దుకాణం నుండి జవాబు వచ్చెను. భార్య “ఆగు” అనుట వలన బలవంతమువలె కనబడుచున్నదట. ఆ మాటలు తీసివేసినచో ఆటను తిరిగి పెట్టెదరట. అనగా ఆమె వద్దనకున్నచో అంతయు సభ్యము. మా గదిలోని చద్దరు స్థానమున ఒక గోడ, తలుపు ఉన్న వేరు ఇంటి కొరకు ఈ ఆట రాబడి మీదనే ఆశ పెట్టుకొని ఉన్నందున, నేను ఒప్పుకొనబోతిని. శీతల్ అడ్డుపడెను.

“తీసెయ్, తీసెయ్! గోడ నాకు గూడ కావాలె. గానీ నోరు లేని పిల్లను అమ్మి గోడ కట్టుకుందామా?”

“జర మెల్లగ మాట్లాడు.”

“మగ్గం నడుస్తలేదా? ఎవరికి వినపడ్తది?”

చద్దరు అవతల నుండి మా అమ్మ యల్లమ్మ గొంతు వచ్చెను: “మగ్గం ఆగి శాన సేపైంది, బిడ్డా. నువ్వన్నదే బరోబర్.”

తమరు ఎక్కడ ఉండినను, తమ వద్ద కూడ ఒకసారి చప్పుళ్ళన్నియు ఆపించి, పై మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు (తమరెవరో తెలిసిన పిమ్మట),
కుడిక్యాల ఋషికేశ్

తా.క. తన సంతకము లేనిదే అర్జీ కదలదని శీతల్ అనుట వలన, ఆమె చెప్పిన ప్రకారము దాఖలు చేయుచున్నవి:

డిమాండు సంఖ్య 1: ఆమె “ఆగు” అను ప్రతి చోటుతో సహా ఆటను తిరిగి పెట్టవలెను.

డిమాండు సంఖ్య 2: దానిని తీయించినవారు ఎవరైనను, ముందుగా ఒకసారి ఆడవలెను. ఆమె ఆగుమన్నప్పుడు తమరేమి చేసెదరో మేము చూచెదము.