సారీలో నేను లేను

ఆదివారం మధ్యాహ్నం
టైలర్ షాపు, కాజా మిషన్ పక్కన

లక్షలమందికి అన్న అయిపోయిన హీరో గారికి, మీ పాత కెమెరామెన్ మ్యూట్‌గాడు దండం పెట్టి రాసేది,

సగం నిజం, సగం యాక్షన్. అదీ నా మాట. నువ్వేం అడగలేదులే, తెలుసు. కానీ మన వీధిలో నీ సారీ వీడియో చూసినోళ్ళందరూ నన్నే పట్టుకున్నారు. మీవాడు నిజంగా ఏడ్చాడా, కంట్లో ఏదన్నా రాసుకున్నాడా చెప్పు అని ఒకటే గోల. నలుగుర్లో నాకు నోరు పెగలదు కదా, అందుకేగా నువ్వు మ్యూట్ అని పేరు పెట్టింది. అందుకని నీకే టైపు కొడుతున్నా. తప్పులుంటే సర్దుకో, ఏడో క్లాసుతో ఆపేసినోణ్ణి. నువ్వూ, నీ కొత్త లైటూ, నీ కొత్త కెమెరా కుర్రాడూ బానే ఉన్నారనుకుంటా. ఇక్కడ మేమూ బావున్నాం. మా టైలర్ మాస్టరైతే మరీ బావున్నాడు, ఆ సంగతి తర్వాత చెప్తా.

ఇస్త్రీ బాబాయ్ నీ పార్టీ. వీడియోలో వాడికి ముక్కు కారింది, ముక్కు కారడం యాక్షన్‌లో రాదు అని తేల్చేశాడు. టీ కొట్టు పిన్ని ఒప్పుకోలేదు. మా ఆయన కూడా అచ్చం అలాగే ఏడుస్తాడు, పొద్దున్నే లేచి మళ్ళీ అదే పని చేస్తాడు అంది. బాబాయ్ ఊరుకోడుగా, మీ ఆయన్ని లక్షలమంది చూస్తున్నారా ఏంటమ్మా సిగ్గుపడ్డానికి అన్నాడు. పిన్ని చేతిలో గరిటె ఉంది. బాబాయ్ ఇస్త్రీపెట్టె దగ్గరికి పోయాడు.

వాళ్ళకేం తెలుసు రా. నీ అసలు బాధ నేను చూశా. నా సైకిల్ తీసుకెళ్ళి లారీ కింద పెట్టొచ్చిన రోజు సారీ అన్నావా? అన్లేదు. మా ఇంటి గోడకి ఆనుకుని సున్నం గీకుతూ నిల్చున్నావు. అమ్మ అన్నానికి పిలిచినా లోపలికి రాలేదు. నీకు నిజంగా బాధేస్తే మాట పడిపోద్ది. మరి వీడియోలో చేతులు బుద్ధిగా ఒళ్ళో పెట్టుకుని హృదయపూర్వకంగా క్షమాపణలు కోరుతున్నాను అన్నావు. ఆ మాట పుట్టాక ఎప్పుడన్నా అన్నావా నువ్వు? రెండుసార్లు నాలిక తిరగలేదు, మళ్ళీ మళ్ళీ తీయించావు. నాకెలా తెలుసంటావేమో, లైటు పట్టుకుంది నేనే. మా షాపులో నీడ ఎక్కడ పడుద్దో నీ కుర్రాడికి తెలీలేదు. రేయ్ మ్యూట్‌గా, కాస్త పట్టుకో అన్నావు. వాడు నీ దగ్గర చేరాక నువ్వు నాతో అన్న మొదటి మాట అదే.

మనం వీడియోలు మొదలెట్టింది నా ఫోన్లోనే కదరా. అద్దం పగిలిన ఫోన్లో. నువ్వు వాగేవాడివి, నేను పట్టుకుని, నవ్వు వస్తే రెండో చెయ్యి కొరుక్కునేవాణ్ణి, చెయ్యి కదిలితే తిడతావని.

ఇప్పుడు చొక్కా సంగతికొస్తా. మగాళ్ళ చొక్కాకి కాజాలు ఎడమ పక్క, గుండీలు కుడి పక్క. ఈ షాపులో కాజాలూ గుండీలూ నేనే, ఇంకెవరూ ముట్టుకోరు, అది నీకూ తెలుసు. నీది నల్లగుడ్డ, బయటేదో లోపలేదో తెలీని గుడ్డ. ఆ రోజు నువ్వు కొలత చూసుకోడానికొచ్చావు. నీ వెనకాల వాడు, మెళ్ళో కెమెరా. నువ్వేదో అంటే వాడు పడీపడీ నవ్వుతున్నాడు. ఆ నవ్వేది నేను కదా అనుకుంటూ వాణ్ణే చూస్తున్నా. చొక్కా ముందు ముక్కలు తిరగేసి పెట్టుకున్నా. కాజాలన్నీ ఆడోళ్ళ చొక్కాకి పడ్డట్టు కుడి పక్కన పడ్డాయి. తొందరలో మాస్టర్ చూడలేదు, మడత పెట్టి ఇచ్చేశాం.

నువ్వది వేసుకుని వీడియో చేశావు. ఈ ముసలి మాస్టర్‌కి మగోడెవడో ఆడదెవరో కనపడ్డం లేదన్నావు. షాపు బోర్డు కూడా చూపించావు. ఇంక చూస్కో, ఎక్కడెక్కడి కుర్రాళ్ళో బండ్ల మీద రావడం, మాస్టర్ నాకో గౌను కుట్టవా అని అరవడం. ఆయన షటరు సగం దించుకుని లోపల కూర్చున్నాడు. తప్పు నాది మాస్టర్, వాడికి నేను చెప్తా అన్నా. నోర్ముయ్, బోర్డు మీద పేరు నాది, నీది కాదు అన్నాడు. తర్వాత జనం నీ మీదికి తిరిగారు. తాత వయసాయన్ని ఏడిపిస్తావా అని తిట్టి ఒక్కొక్కళ్ళూ నిన్ను వదిలేసి పోతున్నారు. అప్పుడొచ్చావు సారీ పట్టుకుని.

ఆయన ఇట్టే కరిగిపోయాడు. ఇప్పుడు ఆయనే హీరో. బట్టలివ్వడానికొచ్చినోళ్ళు ఫొటో దిగి పోతున్నారు. జుట్టుకి రంగేశాడు, చెవుల మీద కూడా అంటింది. నీకు కొత్త చొక్కా తనే కత్తిరించాడు, తనే కుట్టాడు. కాజాల దాకా వచ్చాక నేను చెయ్యి చాపా. ఉండరా, ఇది నేను తీస్తా అని సూది తీసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, వేలికి గుచ్చుకుంటూ, మొత్తం చేత్తోనే తీశాడు. నువ్వది వేసుకుని ఆయన భుజం మీద చెయ్యేసి ఫొటో పెట్టావు. ఆ చెయ్యి నా భుజం మీదుండేది రా.

కుళ్ళు నాకు. దాచుకోడం ఎందుకు. నీ కుర్రాడంటే కుళ్ళు, మాస్టరంటే కుళ్ళు, ఆ చొక్కాకున్న కాజాలంటే కూడా కుళ్ళే. తప్పు చేసింది నేను. తిడితే నన్ను తిట్టాలి. తిట్టులోనూ నేను లేను, సారీలోనూ నేను లేను. మాస్టర్ ఏమో, నిన్ను చూపిస్తే జనం నీ మీద పడతారని వదిలేశాడేమోరా పిచ్చోడా అంటాడు. ఏమో. నన్ను కాపాడినా, మర్చిపోయినా, బయటికి ఒకేలా కనపడుద్ది కదా.

అయినా ఆ లక్షలమందిని నువ్వేం చేశావని వాళ్ళకి సారీ? నిజమో కాదో తేల్చడానికి వాళ్ళెవరు? నేను లైటు పట్టుకుని నీ పక్కనే నిల్చున్నా. భుజాలు లాగుతున్నా దించలేదు, నీ మొహం మీద నీడ పడకూడదని.

ఉంటా మరి. వీలైతే చదువు, వీల్లేకపోతే నీ కుర్రాడి చేత చదివించుకో.

ఇట్లు,
కెమెరాలో ఎప్పుడూ పడని నీ
మ్యూట్‌గాడు

తా.క. ఒకటి రాయకుండా దాటేశా. ఆ రోజు వీడియో అయ్యాక నీ కుర్రాడు సామాను తీసుకుని బయటికి పోయాడు. మాస్టర్ మొహం కడుక్కోడానికి వెనక్కెళ్ళాడు. నువ్వు పోలేదు. నా మిషన్ దగ్గరికొచ్చి, రేయ్ ఆ చొక్కా రోజు, అని ఏదో మొదలెట్టావు. నాకు భయమేసింది. కెమెరాకి చెప్పిన మాటలే నాకూ చెప్తావేమోనని. పెడల్ తొక్కేశా. మిషన్లో గుడ్డ కూడా లేదు, ఉత్తినే తిరిగింది. నీ పెదాలు కదులుతూనే ఉన్నాయి, చాలాసేపు. నేను కాలు తియ్యలేదు. నువ్వెళ్ళిపోయావు. అప్పట్నుంచీ ఆ వీడియో పెట్టుకుని చూస్తూనే ఉన్నా, ఆ ముక్క అందులో ఉండదని తెలిసి కూడా.

నిజం చెప్పు, అప్పుడు ఏమన్నావు రా?