పదకొండు మూతల పంపకం

రేకు డబ్బాల మేస్త్రి రెండో కూతురిని, వీధి వీధంతా మూతలమ్మ అని పిలిచే నేను, వచ్చే వారం గుండెకు ఆపరేషన్ ఉన్నందువల్ల, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి వ్రాయించిన వీలునామా ఇది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. అంటే మూత వదులైందన్నమాట. బతుకంతా లోకానికి బిగుతైన మూతలు చేసిపెట్టి సొంత మూత దగ్గర దెబ్బతిన్నాను. బుద్ధి మాత్రం బిగుతుగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి పరీక్షించుకోవచ్చు, కాని పని వేళలో రాకూడదు.

నా తదనంతరం దీన్ని అమలు జరపవలసిన బాధ్యత నా కొడుకుది. ఆస్తుల వివరం చాలు, తక్కిన కబుర్లు అక్కర్లేదని దస్తావేజు లేఖరి గారు అంటున్నారు. చెప్పిందల్లా రాయమన్నాను. కలం ఆయనది, వీలునామా నాది.

1. నేను నివసిస్తున్న రెండు గదులు, వంటగది, వెనుక నీళ్ళతొట్టి గల ఇల్లు నా ఒక్కగానొక్క కొడుకుకు సర్వహక్కులతో చెందవలెను. వాడికి బజారులో వంటసామాన్ల దుకాణం ఉంది. అక్కడి డబ్బాల అడుగున ఏదో ఊరి పేరు అచ్చు వేసి ఉంటుంది. ఆ ఊరు ఏ దిక్కున ఉందిరా అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఆ ఊరివాళ్ళ మీద నాకే కోపమూ లేదు. అక్కడా నాలాంటిదొకతె కూర్చుని మూతలు బిగిస్తూ ఉంటుంది, ఆమె చేతులు చల్లగా ఉండాలి. నా కోపమంతా మన వీధి వాళ్ళ మీద. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, గోడ అవతల మా సుత్తి చప్పుడు వింటూనే దూరం నుంచి వచ్చిన డబ్బాలు కొనుక్కున్నారు. నా కొడుకు మాత్రం నేను చేసినవి దుకాణంలో ముందు వరసలో పెడతాడు. ఎవరైనా ధర అడిగితే, ముందు "మా అమ్మ చేసింది" అని చెప్పి ఆ తర్వాత ధర చెబుతాడట. ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నాడు. ఇప్పుడు తెలుసుకుంటాడు.

2. ఇంటి వెనుక రేకుల షెడ్డు, అందులోని కత్తెరలు, కొయ్య సుత్తులు, టంకం కడ్డీలు, మా నాన్న కూర్చుని పని చేసిన రాతి దిమ్మతో సహా, మా అక్క కూతురికి చెందవలెను. వీటిలో ఏ ఒక్కటీ పాత ఇనుము వాడి బండి ఎక్కరాదు. ఈ వీధిలో ఎవరి వంటింట్లోకైనా వెళ్ళి అరమీది పాత డబ్బా తిరగేసి చూడండి. అడుగున నక్షత్రం గుర్తు ఉంటే అది ఈ షెడ్డులో పుట్టిన బిడ్డ. పిండి, పంచదార, ఉప్పు, ఏది పోసినా చెమ్మ తగలనివ్వదు. ఇది గొప్పకు చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే, అవును, గొప్పకే చెబుతున్నాను.

అక్క కూతురు డబ్బా మడవడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది, మూత బిగించడం నా దగ్గర నేర్చుకుంది. పొద్దున ఆ ఇంట్లోంచి వస్తుంది, సాయంత్రం ఆ ఇంటికే పోతుంది. మీ అమ్మ ఎలా ఉందని నేను అడగను. "మీ పిన్నికి ఇంకా తిక్క దిగలేదా" అని అక్క మాత్రం రోజూ అడుగుతుందట. ఈ పిల్ల అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చేరవేయకుండా ఇన్నాళ్ళు నెగ్గుకొచ్చింది. ఆ ఒక్కటీ చాలు షెడ్డు దానికివ్వడానికి.

3. నా కోడలికి టీ పొడి డబ్బా. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె దీన్ని చెత్తబుట్టలో వేసి, ఆ స్థానంలో గులాబీ రంగు ప్లాస్టిక్‌ది పెట్టింది. నేను తీసి కడిగి మళ్ళీ అరమీద పెట్టాను. ఆమె మళ్ళీ తీసింది, నేను మళ్ళీ పెట్టాను. ఇద్దరం దాని గురించి పల్లెత్తు మాట అనుకోలేదు. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ప్లాస్టిక్ డబ్బాలోని టీ పొడి ఇందులోకి వచ్చి చేరింది. వాసన పోకుండా ఉంటోందని తర్వాతెప్పుడో నా కొడుకుతో అంటుంటే విన్నాను. ఈ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఆమె. చలిలో మొదట పొయ్యి వెలిగించే చేతికి ఆ డబ్బా దక్కాలి.

4. ఇక వంటింటి గోడకు మేకులకు వేలాడుతున్న పదకొండు మూతల సంగతి. ఇవి చూసినవాళ్ళంతా డబ్బాలేవని అడుగుతారు. డబ్బాలు పక్క వీధిలో మా అక్క ఇంట్లో ఉన్నాయి.

మా పనిలో ఒకరు డబ్బా మడిస్తే ఒకరు మూత చేస్తారు. మూతకు విడిగా కొలత ఉండదు. రేకును ఆ డబ్బా మూతి మీదే పెట్టి, తిప్పుతూ, కొడుతూ బిగిస్తాం. అందుకని ఏ డబ్బా మూత ఆ డబ్బాకే పడుతుంది, ఇంకోదానికి పట్టదు. మూత పట్టుకుని నిండు డబ్బా ఎత్తితే ఊడి రాకూడదు. అదీ మా నాన్న పెట్టిన పరీక్ష. మా అక్కా నేనూ కలిసి మొదట చేసిన వరస ఈ పదకొండు, బియ్యం డబ్బా నుంచి ఉప్పు డబ్బా దాకా. అమ్మ వంటింటికని చేశాం. అమ్మ ఉన్నన్నాళ్ళు అవి విడిపోలేదు.

అమ్మ పోయాక పంపకాల్లో ఈ వరస ఎవరికని మాట వచ్చింది. డబ్బా లేకపోతే మూత ఎందుకు పనికొస్తుంది అంది అక్క. మూత లేని డబ్బా చీమల సత్రం అన్నాను నేను. "మూతదేముందే, పళ్ళెం బోర్లించినా సరిపోతుంది" అంది. ఆ మాట నాకు ఇక్కడ, ఆపరేషన్ చేయబోయే చోటే తగిలింది. అప్పుడు మా బావ మధ్యవర్తిగా లేచాడు. పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు కాబట్టి ఏమీ అనను, జరిగింది మాత్రం రాయిస్తున్నాను. ఎవరు చేసినవి వాళ్ళు తీసుకుంటే న్యాయమన్నాడు. లోకంలో ఇంకెవరైనా ఆరు నీకు, అయిదు నాకు అని పంచుకుంటారు. మేము డబ్బాలు ఒకరు, మూతలు ఒకరు పంచుకున్నాం. ఇద్దరికీ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అక్క డబ్బాలు రిక్షాలో వేసుకుని వెళ్ళింది. నేను మూతలు కొంగున కట్టుకుని వచ్చాను.

మా అక్క ఆ డబ్బాలకు ఇంకొకరి చేత మూతలు చేయించుకోలేదు. తను అన్న మాట నిలబెట్టుకోవడానికి ఈనాటికీ పళ్ళేలే బోర్లిస్తోంది. వానాకాలం పంచదార రాయిలా గట్టిపడితే సుత్తితో కొట్టుకుని వాడుతుందట. ఈ కబురు ఒక్కటే అక్క కూతురు నోరు జారి చెప్పింది. విని నవ్వాను, ఆ పూట అన్నం సహించలేదు. ఎంతైనా అక్క మా నాన్న కూతురు.

కాబట్టి సదరు పదకొండు మూతలు నా తదనంతరం మా అక్కకు చెందవలెను. షరతు ఏమనగా, ఆమె ప్రతి మూతనూ దాని డబ్బాకు పెట్టి, మూత పట్టుకుని ఎత్తి, నా కొడుకు వినేలా "మూత బాగుంది" అనవలెను. అనకపోతే మూతలు మేకులకే ఉండవలెను.

అదనపు వాక్యాలు: పైన రాసింది చదివి వినిపించాక సంతకాల దగ్గర ఒక చిక్కు వచ్చింది. సాక్షిగా పక్కింటి దర్జీ వచ్చి కూర్చున్నారు. రెండో సాక్షి ఇంట్లో లేకపోతే ఎవరినో ఒకరిని పిలుచుకు రమ్మని అక్క కూతురిని పంపాను. అది వాళ్ళమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఇన్నేళ్ళకు మా అక్క నా గడప తొక్కింది, సంచీ చంకలో పెట్టుకుని, జుట్టు నాకన్నా నెరిసి. గుండె సంగతి నాకు చెప్పకుండా కోర్టు కాగితానికి చెబుతావుటే అని మొదలుపెట్టింది. లేఖరి గారు నాలుగో అంశం చదివి వినిపించి, సాక్షి సంతకం చేసేవాళ్ళకు వీలునామా కింద ఏదీ దక్కదని, మూతలు కావాలో సంతకం చేయాలో ఏదో ఒకటి తేల్చుకోమని అన్నారు.

"అది చచ్చాక వచ్చే మూతలు నాకెందుకయ్యా? కలం ఇటివ్వండి" అంది అక్క. నాకు కన్నీళ్ళు ఆగలేదు. దర్జీ గారు చూశారు కాబట్టి దాచి లాభం లేదు.

అందువల్ల నాలుగో అంశంలోని షరతును, దానముతో సహా కొట్టివేయించాను. మూతలు ఈ రోజే మేకుల నుంచి దించి నా చేత్తో అక్క ముందు పెట్టాను. ఆమె సంచీలోంచి ఉప్పు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత పెట్టి చూశాను. పట్టలేదు. డబ్బా మూతి వంకర పోయిందన్నాను. మూతే బిగిసిపోయిందని అక్క అంది. దర్జీ గారు తీర్పు చెప్పబోతే ఇద్దరం కలిసి ఆయన నోరు మూయించాం. రేపు పొద్దున తక్కిన డబ్బాలతో షెడ్డుకు రమ్మన్నాను. సుత్తి మాత్రం తనదే తెచ్చుకుంటానంది.

జత కుదిరాక ఆ వరస ఎవరి వంటింట్లో ఉండాలన్నది ఈ వీలునామాలో రాయించడం లేదు. అది మేమిద్దరం బతికుండి పోట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం. "అది తేలేదాకా చావడానికి నీకు వీల్లేదే" అని మా అక్క హుకుం. దీన్ని కూడా రాయమన్నాను.

చదివించుకుని విని, సరేనని ఒప్పుకుని చేసిన సంతకం.

తేదీ: 2026 మార్చి 11, బుధవారం

(సంతకం) మూతలమ్మ

సాక్షులు:
1. పక్కింటి దర్జీ
2. మూతలమ్మ అక్క, డబ్బాల పనిమనిషి కాదు, డబ్బాల మేస్త్రి (ఇలాగే రాయాలని పట్టుబట్టింది)

వ్రాసినవారు: దస్తావేజు లేఖరి