రొట్టెల సైకిలు వెనక

చిరంజీవి చిట్టితల్లికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా కుడి మోకాలు ఒక్కటే మాతో కలిసి రావడం లేదు. నీ గది కిటికీ బాగుచేయించారని, పై అంతస్తు వాళ్ళు కుర్చీలు ఈడ్వడం తగ్గించారని చదివి మీ అమ్మ సంతోషించింది.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలికి నూనె రాస్తూనే ఉన్నాను. అమ్మ కళ్ళజోడు మార్చింది. ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనపడుతోందట, ఆ తిట్లు నాకు. ఇక సైకిలు సంగతి. ఆఫీసుకి సైకిలు మీద వెళ్దామనుకుంటున్నాను, ఏమంటావు నాన్నా అని కిందటి ఉత్తరంలోనూ అడిగావు, అంతకుముందూ అడిగావు. నేను వానల గురించి రాసి తప్పించుకున్నాను. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది, ఆమెకు ఇందులో సగం తెలియదు.

మా బస్సు డ్రైవర్ల విశ్రాంతి గదిలో సైకిలు వాళ్ళని దోమలంటాం. "ఇవాళ వంతెన మీద దోమలెక్కువ" అంటే చాలు, గదంతా తలూపుతుంది. పన్ను కట్టరు, అద్దంలో కనపడరు, తగిలితే తప్పు మనదంటారు. ఈ మాటలు నేనూ అన్నవాణ్ణే.

పోయిన నెల డిపోలో కొత్త శిక్షణ పెట్టారు. గోడ పక్కన సైకిళ్ళని కదలకుండా బిగించి, మమ్మల్ని ఒక్కొక్కరినే వాటి మీద కూర్చోబెట్టారు. తొక్కుతూ ఉండాలి, కానీ ఎక్కడికీ పోలేం. మాలోనే ఒకడు బస్సు తెచ్చి, రోడ్డు మీద రోజూ ఎంత దగ్గరగా దాటతాడో అంత దగ్గరగా మన పక్కనుంచి దాటించాలి. నా వంతుకి బస్సు నడిపింది మీసాలాయన. నీ చిన్నప్పుడు నిన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి ఆడించాడే, ఆయనే. తాపీగానే వచ్చాడు పాపం. అటు గోడ, ఇటు నడుమెత్తు చక్రం. గాలి నన్ను ముందు గోడకేసి నెట్టింది, తర్వాత బస్సు కిందికి లాగింది. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. సైకిలు కదలదు కదా.

దిగాక అందరూ నవ్వుకుంటూ టీ తాగారు. మర్నాటి నుంచి అందరిదీ మళ్ళీ పాత పద్ధతే. నాకే చేతకాలేదు.

నా రూటులో ఇరుకు వంతెన నీకు తెలుసుగా. పొద్దున నేను అక్కడికి చేరేసరికి రొట్టెలమ్ముకునే ఆవిడ ముందుంటుంది, సైకిలు వెనక పెద్ద పెట్టె కట్టుకుని. ఇదివరకైతే హారన్ కొట్టి ఉన్న సందులోంచే దూరిపోయేవాణ్ణి. ఇప్పుడు వంతెన దాటేదాకా ఆవిడ వెనకే పాకుతున్నాను.

"ఏంటండీ, ఆవిడ మీకు చుట్టమా?" అంటాడొకడు. "దిగి తొయ్యమంటారా?" అంటాడు ఇంకొకడు. "రోడ్డు వాళ్ళ తాతగారిదనుకుంటారు" అని ముందు సీటు పెద్దావిడ సణుగుతుంది. తన మనవడు సైకిలు మీదే బడికి వెళ్తాడని మొన్న కండక్టరుతో మురిసిపోతూ చెప్పింది కూడా ఆవిడే. వెనక కార్లవాళ్ళయితే హారన్ మీంచి చెయ్యి తీయరు.

మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అనలేదు. మొన్న సిగ్నల్ దగ్గర రొట్టెల ఆవిడ నా కిటికీ కిందికొచ్చి ఆగింది.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను, దాటి వెళ్ళిపో. నువ్వు వెనకుంటే వీపంతా మంటగా ఉంటోంది. వంతెన దిగాక ఆ కార్లవాళ్ళు నీ మీద కోపమంతా నా మీద తీర్చుకుంటున్నారు. నిన్న ఒకడు అద్దం దించి ఉమ్మేశాడు."

"అంచున తొక్కకమ్మా, మధ్యలో తొక్కు. అంచునుంటే సందుందనుకుని దూరుతారు."

"అంచున తొక్కితే రాసుకుపోతారు, మధ్యలో తొక్కితే గుద్దేస్తారు. ఏది నయమో నువ్వే చెప్పు."

పచ్చ లైటు పడింది. ఆవిణ్ణి ముందు పోనిచ్చి, మళ్ళీ వెనకే కదిలాను.

ఈలోగా నా మీద ఫిర్యాదులు వెళ్ళాయి. మేనేజరు పిలిచి మర్యాదగానే చెప్పారు. "టైముకి నడుపు. కుదరదంటే సోమవారం నుంచి ఆ రూటు మీసాలాయనకి ఇస్తాను, నువ్వు డిపోలో బస్సులు కడిగించుకో." ముందు నుయ్యి, వెనక గొయ్యి. టైముకి నడిపితే రొట్టెల ఆవిణ్ణి వంతెన గోడకేసి నొక్కేది నేను, నడపకపోతే మీసాలాయన. క్యాబిన్‌లో కూర్చుంటే ఊపిరాడటం లేదు తల్లీ. ఎదురుగా అంత పెద్ద అద్దం ఉంది, ఎటూ దారి కనపడదు.

ఇక మీ అమ్మకి చెప్పనిది. ఆ రోజు గోడ పక్కన బస్సు నన్ను దాటుతుంటే నేను అరిచాను, డిపో అంతా వినపడేట్టు. అమ్మా అని కాదు, దేవుడా అని కాదు, "చిట్టితల్లీ" అని. ఆ సైకిలు మీదున్నది నేను కాదు, నువ్వు అనిపించింది. చాలా భయపడ్డాను. అప్పటి నుంచి విశ్రాంతి గదిలో నా పేరు అదే. "చిట్టితల్లి వచ్చింది, టీ పొయ్యండి" అంటారు. నేనూ నవ్వుతాను, ఏం చేయను మరి.

అందుకే నీకు జవాబు రాయలేకపోయాను. వద్దంటే, రోడ్డంతా మాలాంటివాళ్ళకి రాసిచ్చి నిన్ను ఇంట్లో కూర్చోమన్నట్టు. కొనుక్కోమంటే, మా చక్రాల ముందుకి నేనే నిన్ను తోసినట్టు. మేనేజరుకి చెప్పాల్సింది మాత్రం రాస్తూ రాస్తూ తేల్చుకున్నాను. రూటు తీసుకుంటే ఆయన ఇష్టం. నా అంతట నేను వదలను, వంతెన మీద దాటను. రొట్టెల ఆవిడ తిడుతుంది, పడతాను.

సైకిలు నీ ఇష్టానికే వదిలేస్తున్నాను. కొంటే ఒక్కటి గుర్తుంచుకో. వెనక పెద్ద బండి చప్పుడైతే గోడకి ఒదగకు, మధ్యలోనే ఉండు. వెనకున్నవాడు హారన్ కొడతాడు, తిడతాడు. తిట్టనీ. వాడికీ ఇంటి దగ్గర ఒక పేరుంటుంది, ప్రాణం మీదికొస్తే నోట్లోంచి వచ్చే పేరు. అది వాడికి గుర్తొచ్చేదాకా దారివ్వకు.

ఇట్లు,
నీ పేరుతో పిలిపించుకుంటున్న
నాన్న