నా పేరు మీది స్కూటరు

పురసవాక్కం, చెన్నై
9-6-1997

మంగళక్కకు,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకు చూపించవద్దు. అమ్మకు అసలే వద్దు.

మూడేళ్లుగా నీకు అబద్ధం రాస్తున్నాను. మీ మరిది కోయంబత్తూరులో పనిలో ఉన్నారని, సెలవు దొరకడం లేదని రాశాను కదా. ఆయన ఈ ఊళ్లోనే ఉన్నారు, వ్యాసర్పాడిలో, తాను పనిచేసే మెకానిక్ షెడ్డు పక్కన గది తీసుకుని. వేరే ఆడమనిషి లేదు. గొడవా జరగలేదు. ఒక ఆదివారం అన్నం తిని చెయ్యి కడుక్కుని, "నాకీడ ఊపిరాడలేదు పంకజం, కొన్నాళ్లు ఆడే ఉంటాను" అన్నారు. స్కూటరు మీద రెండు సంచులు పెట్టుకుని వెళ్లిపోయారు. నేను చేసిన తప్పేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ స్కూటరు నా పేరు మీద ఉంది. నేను పనిచేసే బడిలో లోను తీసుకుని నేనే కొన్నాను. నిన్న ఆయన వచ్చారు. తిరుప్పూరులో పని కుదిరిందట, స్కూటరు అమ్మేస్తారట. కొనే మనిషి, కోదండరాం అనే అతను, వాకిట్లోనే నిలబడ్డాడు. ఆర్సీ పుస్తకంలో పేరు మారాలంటే ఇరవై తొమ్మిదో నంబరు ఫారం మీదా, ముప్పయ్యో నంబరు ఫారం మీదా నేను సంతకం పెట్టాలి. ఆయన ఫారాలు బల్ల మీద పరిచి, పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసిన చోట్లు చూపించారు. కాఫీ వద్దన్నారు. ఎలా ఉన్నావని అడగలేదు.

కళ్లద్దాలు పగిలాయి, చదవకుండా పెట్టనని చెప్పి పంపేశాను. కళ్లద్దాలు బాగానే ఉన్నాయి. సంతకం పెట్టకపోతే ఆయన మళ్లీ రావాలి. పెట్టేస్తే ఈ ఇంటికి రావలసిన పనే ఉండదు. అందుకే పెట్టను. ఏదో ఒక సాకు చెబుతూ ఉంటాను.

నీ పంకజం


పురసవాక్కం, చెన్నై
24-7-1997

అక్కా,

నీ జాబు అందింది. వచ్చి ఆయనతో మాట్లాడతానన్నావు. ఇక ఆ అవసరం లేదు. ఈ ఉత్తరం మాత్రం బావకూ అమ్మకూ చదివి వినిపించు.

ఆయన ఇంకో రెండుసార్లు వచ్చారు. రెండోసారి నేను నోరు తెరవకముందే, "ఈపొద్దు కూడా పెట్టవు కదా. సరే, మళ్లా వస్తాను" అని మెట్లు దిగారు. ఆ మాటలో కోపం లేదు. బస్సు తప్పిపోతే ఇంకో బస్సు కోసం చూసే మనిషిలా ఉన్నారు. ఆయన వస్తున్నది నా దగ్గరికి కాదని అప్పుడు అర్థమైంది. వెనక్కి పిలిచి, కళ్లద్దాలు పెట్టుకుని, అన్నిచోట్లా సంతకాలు చేశాను.

మర్నాడు ముగ్గురం ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాం. టాక్సు బాకీ ఉందన్నారు. కోదండరాం ముఖం ముడుచుకున్నాడు. ఆయన వెళ్లి కట్టి రసీదు తెచ్చారు. తర్వాత, పుస్తకంలో ఉన్నది మా పాత ఇంటి చిరునామా అనీ, ఇప్పటిదానికి రుజువు కావాలనీ అక్కడి గుమాస్తా అన్నాడు. రేషను కార్డు ఇచ్చాను. గుమాస్తా దాన్ని తెరిచినప్పుడు ఆయన చూశారు.

"నా పేరు ఇంకా దీంట్లో ఉందా?"

"తీయించాలంటే మీరు రావాల" అన్నాను.

కోదండరాం స్కూటరు తీసుకుని వెళ్లాక ఇద్దరం బస్సు స్టాపులో నిలబడ్డాం. ఆయన, "నువ్వేం తప్పు చేయలేదు పంకజం. నాకే ఎవురితోనూ ఉండను చేతకాలేదు" అన్నారు. మూడేళ్లు నాలో నేను వెతుక్కున్న తప్పు అసలు లేదన్నమాట. సంతోషించాలో ఏమో తెలియలేదు. సోమవారం రండి, పేరు తీయించేద్దాం అన్నాను. ఆ మాట నేనే అన్నాను, అక్కా.

సోమవారం పదిన్నరకే రేషను ఆఫీసుకు వచ్చారు. ఇక కార్డు మీద ఇచ్చే చక్కెర తగ్గిపోతుంది, ఆలోచించుకోండమ్మా అని అక్కడి గుమాస్తా తమిళంలో హెచ్చరించాడు. ఫరవాలేదన్నాను. అతను ఆయన పేరు మీద ఎర్రసిరా గీత కొట్టి, మొత్తం మనుషులు అన్నచోట రెండు కొట్టేసి ఒకటి వేశాడు.

బయట వరండాలో ఆయన అలవాటు కొద్దీ, "పోయొస్తాను" అన్నారు.

"మంచిది" అన్నాను. పోయి రండి అనలేదు.

నీ చెల్లెలు
పంకజం