మన ఇంటి పెదవి

గుడియాత్తం,
శుక్రవారం

అన్నకు, వదినకు నీ చెల్లెలు రాజమ్మ చేతులు జోడించి రాసుకునేది. మేమందరం బాగున్నాము. మీరూ పిల్లలూ ఎట్లా ఉన్నారో, వదిన మోకాలి నొప్పి తగ్గిందో లేదో వెంటనే రాయి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఈయనకు లుంగీల నేత పని చేతినిండా ఉంది, నేను నూలు కండెలు చుడుతున్నాను. సంగటి దొరుకుతుంది గానీ మన ఊరి చింతకాయ తొక్కు లేదు. వీలైతే చిన్న జాడీ పంపించు. ఈ వీధిలో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. అక్షరం తెలిసింది మాత్రం నాకొక్కదానికే.

బిడ్డ పుట్టిందని మాత్రమే నీకు రాశాను. మిగతాది దాచాను. దాచినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, బిడ్డను చూసి కాదు. బిడ్డ పై పెదవి ఎడమ పక్కన చీలి పుట్టింది, అన్నా.

మా అత్తగారు మంత్రసాని ముందే నెత్తి కొట్టుకున్నారు. "గ్రహణం నాడు కత్తిపీట ముట్టొద్దని చెప్తే ఇన్నావా? గుమ్మడికాయ కోస్తివి. బిడ్డ పెదివి కోసినట్టు వచ్చినాది చూడు!" అన్నారు. నేను ఏడ్చి ఊరుకున్నాను. నిజమే అనుకున్నాను కూడా.

బిడ్డకు పాలు పట్టుకోవడం రాలేదు. తాగినవన్నీ చీలికలోంచి కారిపోయేవి. పాలు పిండి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసి మూడు నెలలు బతికించుకున్నాను. పేరు పెట్టే మాట ఎత్తితే అత్తగారు, "ఈ మొగానికి పేరొకటా? దీన్నీ బిడ్డనీ పుట్టింటికి పంపీరా. నీకు ఇంకో పిల్లను చూస్తా" అని కొడుకుతో అన్నారు. ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. "నేను పుట్టింటికి పోనత్తా. వేలూరికి పోతాను. ఆడ పెదివి కుట్టే డాక్టరమ్మ ఉండాదంట" అన్నాను. ఈయన మగ్గం దిగి చొక్కా తొడుక్కున్నారు.

కాట్పాడిలో రైలు దిగి జట్కాలో వేలూరు పోయాము. డాక్టరమ్మ బిడ్డను చూసి, తరవాత నన్ను నోరు తెరవమంది. ఆమె అరవంలో అడుగుతుంటే చిత్తూరు వైపు నర్సమ్మ తెలుగులో చెప్పింది.

"ముందు పళ్ళ పక్క పన్ను ఎప్పుడు ఊడిపోయినాది?"

"ఊడలేదమ్మా, మొలవనే లేదు."

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్లే ఉండాదా?"

నాయనకు ఆ పన్ను లేదు. నీకూ లేదు. ఆ తరవాత మన మేనత్త గుర్తొచ్చింది, ఆమె సంగతీ చెప్పాను. బతుకంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మన పెరటి గదిలోనే ఉండిపోయిన మేనత్త. మనం కూడా చిన్నప్పుడు "మొర్రి అత్త" అనే పిలిచాము.

డాక్టరమ్మ విని తల ఊపింది. కడుపులో బిడ్డ ముఖం వేరువేరు ముక్కలుగా పెరిగి, రెండో నెలలోనే అతుక్కుంటుందట. ఆ అతుకు పడకపోతే పెదవి చీలుతుంది. కొందరికి అదే వంశంలో వస్తుంది. ఒకరికి పెదవిలో కనబడితే ఇంకొకరికి పన్ను మొలవకపోవడంతోనే సరిపోతుందట. ఎందుకట్లా అంటే, అంతా తమకూ తెలియదని ఒప్పుకుంది.

నేను వేళ్ళు మడిచి లెక్క పెట్టాను. గ్రహణం పట్టినప్పుడు నాకు ఆరో నెల! అప్పటికే బిడ్డ పెదవి ఎట్లా ఉండాలో అట్లా అయిపోయింది.

పెదవి కుట్టారు. కుట్లు గీరుకోకుండా బిడ్డ చేతులకు అట్టలు కట్టారు. కుట్లు మానాక రొమ్ముకు పెట్టుకుంటే గట్టిగా పట్టి లాగింది. నొప్పి పుట్టింది. ఆ నొప్పికి నేను నవ్వుతుంటే నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అత్తగారు లేచారు. "అట్లయితే ఇది మీ రగతమే గదా!"

"అవునత్తా, మా రగతమే. నాకు అక్షరాలు నేర్పిన మా అన్నదీ ఆ రగతమే. మీరు ఇంకో కోడలిని తెచ్చుకుంటే తెచ్చుకోండి. నేను మాత్రం ఈ గడప దాటను."

ఈయన మగ్గంలో నుంచే, "అమ్మా, ఇంకో పిల్ల మాట ఇంకెప్పుడూ ఎత్తొద్దు" అన్నారు. అత్తగారు రెండు రోజులు బిడ్డ దగ్గరికి రాలేదు. మూడో రోజు బిడ్డకు నలుగు పెట్టడానికి తామే కూర్చున్నారు. మచ్చ దగ్గర మాత్రం చెయ్యి ఆపి, "నొస్తాదా?" అని నన్ను అడిగారు.

అన్నా, ఆ డాక్టరమ్మ పెద్దవాళ్ళకు కూడా కుడుతుంది. మేనత్తను అడుగు. వస్తానంటే తీసుకురా, నా ఇంట్లో ఉంటుంది. వద్దంటే బలవంతం చేయొద్దు, కానీ నాయన అభ్యంతరం చెబితే ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆమె ఏ పాపమూ చేయలేదు, ఆమెను కన్న మన నాయనమ్మా చేయలేదు. ఇక పెరటి గదిలో కాదు, పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. బిడ్డకు పోయిన బుధవారం పేరు పెట్టాము. మేనత్తకు ఒక పేరుందని మన ఇంట్లో ఎవరికైనా గుర్తుందో లేదో! అలివేలు. అదే పెట్టాను. ఇద్దరినీ ఆ పేరుతోనే పిలవండి, ఆ పేరుతోనే దీవించండి.

నీ చెల్లెలు,
రాజమ్మ