కత్తి పట్టే చెయ్యి

ఫిబ్రవరి 3

చెయ్యి వణుకుతోంది. కుడి చెయ్యి. కత్తి పట్టేది అదే.

ఫిబ్రవరి 11, సాయంత్రం

పేపరాయనకి గెడ్డం చేస్తుంటే చెవి కింద తెగింది. రోజూ పేపరు పట్టుకునే షాపుకొస్తాడు, అందుకే ఆ పేరు. చిన్న గాటే, పటిక రాస్తే ఆగింది. ఒంట్లో రక్తం ఎక్కువైందిలే, కాస్త పోనీ అన్నాడాయన. నా చేతిలో ఆయనకెప్పుడూ చీమంత గాటు పడలేదు.

బావమరిది చూశాడు. ఇద్దరం కలిసి నడిపే షాపు, పక్కపక్క కుర్చీలు. చూడకుండా ఎలా ఉంటాడు?

ఫిబ్రవరి 20

మా ఆవిడ నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. ఆయన నా మోచెయ్యి మడిచి చూశాడు, వేళ్లు టకటకా కొట్టమన్నాడు, గోడ దాకా నడిచి రమ్మన్నాడు. పార్కిన్సన్స్ అన్నాడు. పూర్తిగా తగ్గేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవచ్చు అన్నాడు. కసిరినట్టు కాదు, మెల్లగానే చెప్పాడు. మా ఆవిడ ఆ పేరు రెండోసారి చెప్పించుకుంది.

నేను మాత్రం షాపు తాళాలు ఎవరి దగ్గరున్నాయా అని ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 21

కత్తులు బావమరిదికి ఇచ్చేశాను. వద్దు బావా అన్నాడు. తీసుకున్నాడు.

మార్చి 30

కొత్త మాత్రలతో ఒకటే వికారం. వణుకు ఎక్కడిదక్కడే. కత్తెర కూడా మానేశాను. కౌంటర్ దగ్గర కూర్చుని టవళ్లు మడతపెడుతున్నాను.

ఏప్రిల్ 18

నిజం చెప్పాలంటే ఈ బతుకులోనూ ఒక సుఖముంది. పొద్దున్నే మా ఆవిడతో వాకింగ్. పెళ్లైన కొత్తలో కూడా ఇంత మాట్లాడుకోలేదు. నేను అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంటే, ఎవరింట్లోకో దొంగతనానికి వెళ్తున్నట్టు ఏంటండీ ఆ నడక అంది. నడివీధిలో నిలబడి ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. ఈవిడ ఇంత హాస్యగత్తె అని నాకు తెలీనే తెలీదు.

పేపరాయన గెడ్డం పెంచుతున్నాడు. బావమరిది చేస్తానంటే, ఎండాకాలం గెడ్డముంటేనే చల్లగా ఉంటుంది అన్నాడట. ఎక్కడైనా విన్నామా?

మే 25

ఇవాళ నా చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టింది. ఇంకేం రాయాలని లేదు.

జూన్ 12, మధ్యాహ్నం

మళ్లీ నరాల డాక్టరు. వేళ్లు ఇంకా బిగుసుకున్నాయని డోస్ పెంచబోయాడు. అప్పుడు మా ఆవిడ అడిగింది, ఆ తలతిరుగుడు మాత్ర కూడా దీంతోపాటు వేసుకోవచ్చా అని.

పెన్ను ఆగింది. ఏ మాత్ర అన్నాడు.

కిందటేడు తల తిరుగుతోందంటే మా వీధి డాక్టరు రాశాడు. వారం వాడమన్నాడు. బాగుంది కదా అని నేనే మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ వేసుకుంటున్నాను. మా ఆవిడ బ్యాగులోంచి స్ట్రిప్ తీసిచ్చింది. ఆయన వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు.

ఈ మాత్ర నెలల తరబడి వాడితే కొందరికి అచ్చం ఆ జబ్బులాగే వస్తుందట. చూడ్డానికి తేడా తెలీదట. దీన్ని ఇవాళే ఆపేయండి, నేనిచ్చినవి నెమ్మదిగా తగ్గిద్దాం, నెలలు పట్టొచ్చు, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను అన్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టి, ఇంకేం మందులు వాడుతున్నారని మొదటిరోజే అడగాల్సింది, అడగలేదు, తప్పు నాదే, క్షమించండి అన్నాడు.

నాకు ఎటు చూడాలో తెలీక పర్లేదండీ అన్నాను. మా ఆవిడ అనలేదు. ఆయన మొహంలోకి చూస్తూ, ఈయన కత్తులు ఇచ్చేశారండీ అంది. అంతే.

జూన్ 13

కోపం ఇవాళొచ్చింది. టవళ్లన్నీ మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. బావమరిది అడిగితే చెప్పాను. ముందు డాక్టర్ని తిట్టాడు. ఆ తర్వాత, మాత్రల్ని చాక్లెట్లలా చప్పరిస్తావా అని నన్నూ వదల్లేదు. సగం కోపం అక్కడే చల్లారింది.

మిగతా సగం ఉంది. ఉండనీ.

ఆగస్టు 2

చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. మా ఆవిడ చూడనట్టు నటించింది. నటన రాదు ఆవిడకి.

సెప్టెంబర్ 14

షాపు తెరవకముందే వెళ్లాం. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లకి ఇచ్చినట్టు, బావమరిది బెలూన్ ఊది, నురగ పూసి, నా చేతికి కత్తిచ్చాడు. మొదటిది పేలి ఇద్దరి మొహాలూ నురగే. రెండోదీ పేలింది. మూడోది నున్నగా తేలింది.

సెప్టెంబర్ 27

పేపరాయన తిన్నగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఎండాకాలం అయిపోయిందిగా అన్నాడు. చిటికెనవేలు ఇంకా కాస్త ఆడుతోంది. కత్తికి దాంతో పనిలేదు.

గెడ్డం కింద ఆయన ఎంత చిక్కిపోయాడో ఇవాళే తెలిసింది. రేపట్నుంచి టీ మా ఇంట్లోనే తాగమన్నాను.

అక్టోబర్ 9

నరాల డాక్టరు షాపుకొచ్చాడు. కత్తితోనే చెయ్యమన్నాడు. బావమరిది ఎందుకో రేడియో కట్టేశాడు. ఆయన తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. గొంతు దగ్గరికొచ్చేసరికి గురక పెడుతున్నాడు.

గెడ్డం పూర్తయ్యాక కూడా లేపలేదు.